కడుపు ఎవరిది, ఖర్చు ఎవరిది?

ఎన్నికల ప్రణాళికని సాహిత్య విమర్శ చేసేవాళ్ళం ఎప్పుడూ చేతిలోకి తీసుకోం. అది మన పని కాదనుకుంటాం. కానీ తెలుగు స్త్రీ గురించి ఇంటింటికీ చేరే వచనం ఏదైనా ఉందంటే అదే. మన కథల సంపుటి ఐదొందల కాపీలు అమ్మడానికి ఏళ్ళు పడుతుంది. ప్రణాళిక కరపత్రమై, గోడరాతై, మైకులో పాటై ప్రతి గడపకీ వస్తుంది. అందులో స్త్రీని ఏ పేరుతో పిలుస్తున్నారో, ఏ పేరుతో పిలవడం లేదో చదవాల్సిన బాధ్యత మనదే. పులివెందుల తాలూకా పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి విమర్శంటే మాటని తూకం వేయడమేనని కడప జిల్లాకి నేర్పారు. ఆ తూకంలో ఈ మాటల్నీ వేద్దాం.

2019లో 'నవరత్నాలు' వచ్చాయి. వాటిలో స్త్రీలకి అమ్మఒడి, ఆసరా, చేయూత. 2024లో 'సూపర్ సిక్స్' వచ్చింది. అందులో తల్లికి వందనం, ఆడబిడ్డ నిధి. పార్టీలు వేరు, వరస ఒకటే. ఆమె ఎవరికో అమ్మ, ఎవరింటికో ఆడబిడ్డ. బడికెళ్ళే బిడ్డ ఉన్న తల్లికి డబ్బుంది. ఈ నెల తప్పిపోయి, ఇప్పుడీ గర్భం వద్దనుకుంటున్న స్త్రీకి మాత్రం రెండింటిలోనూ పేరు లేదు.

ఇదే ప్రశ్న అమెరికాలో ప్రతి అభ్యర్థినీ నిలదీస్తుంది. 1976 నుంచి హైడ్ సవరణ వల్ల అక్కడి పేదల వైద్యానికిచ్చే ఫెడరల్ డబ్బుని, కొద్ది మినహాయింపులు తప్ప, అబార్షన్‌కి వాడడానికి వీల్లేదు. దశాబ్దాలపాటు దాన్ని సమర్థించిన జో బైడెన్, 2019 జూన్‌లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తూ వైఖరి మార్చుకోవాల్సి వచ్చింది. 2022లో అక్కడి సుప్రీంకోర్టు అబార్షన్‌కి ఉన్న రాజ్యాంగ రక్షణనే తీసేసింది. ఇది చూసి మనం, 'మనకి 1971లోనే చట్టం వచ్చింది, మనమే నయం' అనుకుంటున్నాం. చట్టం వచ్చిన మాట నిజమే. అయితే చట్టం ఉండడం వేరు, ఆస్పత్రిలో మంచం ఉండడం వేరు. ఆ మంచానికి డబ్బెవరు కడుతున్నారన్నది మరీ వేరు.

ముందు మన మాటలు చూద్దాం. ప్రభుత్వ పత్రాల్లో దీని పేరు గర్భవిచ్ఛిత్తి. పత్రికల్లో గర్భస్రావం. తనంతట తాను పోయిన గర్భానికీ, కావాలని తీయించుకున్నదానికీ అదే మాట. సభల్లో వినిపించేది భ్రూణహత్య. ఆడపిండాల్ని ఏరివేయడాన్ని ఆపడానికి పుట్టిన ప్రచారం ఈ 'హత్య' అన్న మాటని అబార్షన్ మొత్తానికి అంటగట్టింది. లింగనిర్ధారణ నేరమని చెప్పే బోర్డు చదివి, అబార్షనే నేరమనుకునే స్త్రీలు ఎంతమందో! మా జమ్మలమడుగు ఆడవాళ్ళు మాత్రం 'కడుపు తీయించుకుంది' అంటారు. ఈ మాటకి కర్త ఉంది. పని చేయించుకున్నది ఆమె. ఇంత స్పష్టమైన క్రియాపదం జనం నోట ఉండగా, మన అచ్చుభాషంతా ఆమెని వాక్యంలోంచి తప్పించడానికే పాటుపడింది.

మరి సాహిత్యం ఏం చేసింది? చలం 'మైదానం' 1927లోనే రాజేశ్వరి గర్భాన్ని ప్రేమ మధ్యకి తెచ్చి నిలబెట్టింది. గర్భం ఉండాలా వద్దా అన్నది అక్కడ అమీర్ కోరికకీ, రాజేశ్వరి మనసుకీ మధ్య పోరు. 1993లో 'నీలిమేఘాలు' వచ్చినప్పుడు పాటిబండ్ల రజని కవిత శీర్షికే 'అబార్షన్ స్టేట్‌మెంట్'. నిట్టూర్పు కాదు, ఒప్పుకోలు కాదు, స్టేట్‌మెంట్. స్త్రీవాద కవిత్వాన్ని నీలి కవిత్వమని వెక్కిరించిన రోజుల్లో ఆ ఒక్క మాట ఎంత సాహసమో ఇప్పుడు ఊహించడం కష్టం. ఆ కవులు శరీరాన్ని మాట్లాడించారు. కానీ ఆ తర్వాత వచ్చిన కథల్లో అబార్షన్ ఎక్కువగా గాయంగానే మిగిలింది. భర్త బలవంతం, అత్తింటి ఒత్తిడి, రాత్రి పూట ఏడుపు. ఇవన్నీ నిజాలే. కానీ ఆస్పత్రికి బస్సు ఛార్జీ ఎంతయింది, ఎవరి దగ్గర అప్పు తెచ్చింది, రెండు రోజుల కూలి పోతే ఇంట్లో ఏం వండింది, ఇవి కథలోకి రావు. మా సీమ కథ ఈ విషయంలో మరీ చిత్రం. కరువొస్తే బోరు ఎన్ని అడుగులు పడింది, వేరుశనగ విత్తనానికి వడ్డీ ఎంత, అన్నీ లెక్కగా రాస్తుంది. వ్యవసాయంలో పైసాపైసా లెక్క తెలిసిన ఈ కథకి స్త్రీ గర్భం దగ్గరికొచ్చేసరికి లెక్కలు రావు. అక్కడ అంతా దుఃఖమే.

లెక్క లేని చోట రాజకీయం ఉండదు. అసలు సంగతి ఇదే.

వైద్యమూ రాజకీయమూ ఇంతగా కలిసిపోయిన ప్రాంతం తెలుగునేల మీద మరొకటి ఉండదేమో. లండన్ మిషనరీల చేతిమీదుగా వెలసిన క్యాంబెల్ ఆస్పత్రి జమ్మలమడుగులో తరతరాలకి పురుడు పోసింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి వైద్యం చదివి వచ్చి ఈ మిషన్ ఆస్పత్రిలోనే డాక్టరుగా పనిచేశారు. 1973లో పులివెందులలో తండ్రి పేరున ఆస్పత్రి పెట్టారు. 1978లో అక్కడి నుంచే శాసనసభకి వెళ్ళారు. 2007లో ముఖ్యమంత్రిగా ఆరోగ్యశ్రీ మొదలుపెట్టారు. ప్రభుత్వ ధనంతో పేదలకి పెద్ద వైద్యమన్న ఆలోచన ఎన్నికల్ని గెలిపించగలదని దేశానికి చూపించిన ప్రాంతం ఇది. గుండెకీ కిడ్నీకీ క్యాన్సర్‌కీ ఎవరు కట్టాలన్నది ఇక్కడ పార్టీల వాగ్దానాల్లో నలిగింది. ఆ వాగ్దానాల్లో కడుపు సంగతి లేదు.

అలాగని ప్రభుత్వ ధనం గర్భాశయాన్ని ముట్టుకోలేదా? బాగా ముట్టుకుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో సుమారు 70 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళ ఆపరేషన్లు ఒక శాతం కూడా లేవు. ఆడవాళ్ళ ఆపరేషన్‌కి క్యాంపులుండేవి, లక్ష్యాలుండేవి, చేతికి డబ్బుంది. ఇక గర్భసంచి తీసేయడంలో మన రాష్ట్రం దేశంలోనే ముందుంది. 2015–16 సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో దాదాపు 9 శాతం మందికి అది లేదు. ఆరోగ్యశ్రీ డబ్బుతో ప్రైవేటు ఆస్పత్రుల్లో అవసరం లేకపోయినా ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయన్న విమర్శ చెలరేగాక, ప్రభుత్వమే వాటిని కట్టడి చేయాల్సి వచ్చింది. గర్భనాళాల్ని ముడేయడానికీ గర్భసంచిని కోసి పారేయడానికీ ఖజానాలో డబ్బుంది. ఒక్క గర్భాన్ని ఇప్పటికి వద్దనుకుని, రేపు మళ్ళీ కావాలనుకునే నిర్ణయానికే ఆదరణ లేదు.

కాగితం మీద ప్రభుత్వాస్పత్రిలో అబార్షన్ ఉచితం. 2021 సవరణ 'భర్త' స్థానంలో 'భాగస్వామి' అన్నది. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు పెళ్ళికాని స్త్రీకి కూడా 24 వారాల వరకూ వెసులుబాటు వర్తిస్తుందంది. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీకి తన సంతకం చాలు. అయినా భర్త సంతకం అడిగే అలవాటు పోలేదు. అంతకన్నా పెద్ద షరతు ఇంకొకటి ఉంది. జమ్మలమడుగు దగ్గరి పల్లెలో ఒకామె నాతో అన్న మాటలివి: "సర్కారాస్పత్రిలో ఊరకనే జేస్తారంట అక్కా. కానీ అట్నే ఆపరేషన్ గూడా చేయించుకో అంటారు. నాకింగా ఒక బిడ్డే. అందుకే పొద్దుటూరికి పోయినా. కమ్మలు కుదవబెట్టి కట్టినా." 2000 తర్వాతి సంవత్సరాల్లో దేశవ్యాప్తంగా జరిగిన అబార్షన్ అధ్యయనాలు కూడా ఈ షరతుని నమోదు చేశాయి. ఉచితమన్నదాని వెల కు.ని. ఆపరేషన్. ఆ వెల కట్టలేనివాళ్ళు ప్రైవేటుకి పోతున్నారు. అదీ చేతకాకపోతే మందుల షాపుకి. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ ప్రచురించిన అధ్యయనం 2015లో మన దేశంలో 1 కోటి 56 లక్షల అబార్షన్లు జరిగాయని అంచనా వేసింది. అందులో 73 శాతం ఆస్పత్రి బయట మాత్రలతోనే. ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులు రెండూ కలిసి చేసింది 22 శాతమే.

ఇప్పుడు అభ్యర్థుల సంగతి. మన దగ్గర అబార్షన్ మీద అభ్యర్థి వైఖరిని ఎవరూ అడగలేదు. రాజ్యమే అభ్యర్థి కడుపుని అడిగింది. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళని స్థానిక ఎన్నికల్లో నిలబడకుండా చేసింది. స్త్రీలకి రిజర్వేషన్ ఇచ్చిన చట్టమే ఆ సీటుకి ఈ గొళ్ళెం పెట్టింది. 2003లో హర్యానా కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి నిబంధన సరైనదేనంది. నిర్మలా బుచ్ ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాల్లో చేసిన అధ్యయనం ఈ నిబంధన ఇళ్ళలోకి ఎలా వచ్చిందో చూపింది. మూడో గర్భాన్ని తీయించడం, పుట్టిన బిడ్డని దత్తత ఇచ్చేయడం, భార్యని వదిలేయడం. మగ అభ్యర్థి సర్పంచి కావడానికి భార్య కడుపు ఖాళీ అయింది. అబార్షన్ మీద మన రాజకీయ నాయకుల నిజమైన వైఖరి ఇక్కడ బయటపడింది.

ముప్పై ఏళ్ళకి గాలి తిరిగింది. 2024 అక్టోబరులో చంద్రబాబునాయుడు ఎక్కువమందిని కనమన్నారు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళే స్థానిక ఎన్నికల్లో పోటీ చేసేలా చట్టం తేవాలనుకుంటున్నామన్నారు. నవంబరులో శాసనసభ పాత నిబంధనని ఎత్తేసింది. అది పోవడం మంచిదే. కానీ 2025 మార్చిలో విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు మూడో బిడ్డని కంటే, ఆడపిల్లయితే యాభైవేలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానని ప్రకటించారు. నిన్న కనకూడదన్నదీ రాజ్యమే, నేడు కనమంటున్నదీ రాజ్యమే. ఆమెని మాత్రం రెండుసార్లూ అడగలేదు. కనమనే ఊపు పెరిగితే, ఉన్న కొద్దిపాటి అబార్షన్ సేవ ముందుగా కుంచించుకుపోతుందన్న భయం నాకుంది.

దీనికి మన స్నేహితులే ఒక అభ్యంతరం చెబుతారు. ఈ విషయాన్ని ఎన్నికల్లోకి లాగితే అమెరికాలా మతమూ దూరుతుంది, చప్పుడు లేకుండా సాగుతున్నది కూడా పోతుంది అని. ఆడపిండాల హత్యకి ఊతమిచ్చినట్టవుతుందనే వాళ్ళూ ఉన్నారు. కొట్టిపారేయదగ్గ భయాలు కావివి. అయితే లింగనిర్ధారణని ఆపాల్సింది స్కానింగ్ గదిలో. దానికోసం 1994 చట్టం ఉంది. ఇక మౌనం ఎవరిని కాపాడుతోంది? ప్రొద్దుటూరులో డబ్బు కట్టగలిగినవాళ్ళకి మౌనం రక్షణే. కమ్మలు కుదవపెట్టిన ఆమెకి ఆ మౌనం ఖరీదు వడ్డీతో సహా తెలుసు.

2024లో కడప లోక్‌సభ స్థానానికి వై.ఎస్. షర్మిల పోటీ చేశారు. ఆ ఎన్నికంతా ఎవరి కూతురు, ఎవరి చెల్లెలు అన్న చర్చగానే నడిచింది. 2025లో పులివెందుల వైద్య కళాశాలని ప్రభుత్వమే నడపాలా, ప్రైవేటు భాగస్వామ్యానికివ్వాలా అన్న గొడవలో మాటలన్నీ సీట్ల గురించీ, యాజమాన్యం గురించీ సాగాయి. ప్రసూతి వార్డులో ఏ సేవ దొరుకుతుందన్నది ఎవరి నోటా నేను వినలేదు.

అందుకే అభ్యర్థి మన గడపకొచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు చిన్నవే. ఈ ఊరి ప్రభుత్వాస్పత్రిలో కడుపు తీయించుకోవడానికి వారానికి ఎన్ని రోజులు డాక్టరుంటారు? ఆపరేషన్‌కి ఒప్పుకోకపోయినా చేస్తారా? భర్త సంతకం అడగమని బోర్డు పెడతారా? మాత్రలకీ, రానూపోనూ ఛార్జీలకీ ఎవరు కడతారు? రచయిత్రులుగా మన ముందున్న పని కూడా దీనికి దగ్గరే. దుఃఖం రాయడం మనకి వచ్చు. ఇక ఆ చీటీ మీది అంకెల్ని కూడా రాయాలి.