మెరుపుదాడీ, మాటూ

మొన్న నంద్యాలలో పుట్టింటినుంచి ఆళ్లగడ్డ వస్తూ, బస్సులో పక్కనావిడ చేతిలోని పేపరు ఓరకంట చదివాను. (అలా ఎన్నడూ చదవనివాళ్లుంటే చెయ్యెత్తండి!) ఒక పేజీలో హోటళ్లపై అధికారుల మెరుపుదాడి. ఆటల పేజీలో బ్యాటుతో మెరుపుదాడి. మూడోచోట, ఒంటరిగా పోతున్న మనిషిని నలుగురు దారికాచి నరికితే, అదీ మెరుపుదాడే! ఇల్లు చేరేసరికి మా ఆడబిడ్డ పిల్లలతో దిగి ఉంది. "మెరుపుదాడి" అన్నారు మావారు మెల్లగా. నవ్వాను గానీ, ఆ మూడో వార్త మనసులోంచి పోలేదు.

మాట సొగసైనదే. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల దాడికి పేరుపడ్డ 'బ్లిట్జ్‌క్రీగ్' అంటే మెరుపుయుద్ధం. మన పత్రికల మెరుపు దానికి చుట్టమే అనుకుంటాను. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానామీద పడ్డాడంటే ఆ మాట ఒప్పుతుంది. ఎదుట ఉన్నది కుంఫిణీ ప్రభుత్వం. బలవంతుడిమీదికి పోయేవాడికి వేగమే ఆయుధం.

ఒంటరివాణ్ణి నలుగురు నరకడంలో మెరుపేముంది? మెరుపు ఆకాశంలోంచి వస్తుంది. దానిమీద కేసు పెట్టలేం. ఆ వార్త చెబితే మా అత్తగారు ఒక్కమాటలో తేల్చేశారు: "మెరుపేందమ్మా, మాటేసి కొట్నారను!" ఆ మాటులో అన్నీ ఉన్నాయి: ముందుగా అనుకోవడం, పొదచాటున కూర్చోవడం, అతను వచ్చే వేళ కనిపెట్టడం. చిల్లిబిందెకు వేయించేదీ మాటే. అక్కడ అతుకుతుంది, ఇక్కడ ఒక సంసారాన్ని చిల్లిచేస్తుంది.

భారతంలో అశ్వత్థామ అర్ధరాత్రి శిబిరంలో జొరబడి ద్రౌపది కొడుకులు ఐదుగురినీ చంపాడు. ఆ పర్వానికి పెట్టిన పేరు సౌప్తికం. సుప్తులంటే నిద్రపోతున్నవాళ్లు. చంపినవాడి చురుకుదనాన్నిబట్టి కాదు, చచ్చినవాళ్ల నిస్సహాయతనుబట్టి పేరుపెట్టారు పెద్దలు. ఎంత న్యాయమైన పేరు!

అందుకే పత్రికలవారికి నా మనవి. హోటళ్లకు 'ఆకస్మిక తనిఖీ' చాలు. హత్యకు 'మాటు' అనండి. చదివే పిల్లలకు అది పౌరుషంగా తోచకూడదు.

ఇక మెరుపుదాడి అన్న మాటను మా ఆడబిడ్డ రాకకే వదిలేద్దామా అంటే, అదీ కుదిరేట్టు లేదు. ఆవిడ వచ్చి నాలుగు రోజులైంది. ఇన్నాళ్లుండే మెరుపును నేనెక్కడా చూడలేదు!