పంక్తిలో నేర్చు విద్య

పసివాడు బడిలో తోటివానిని కొట్టినను, పుస్తకము విసరివేసినను, పిలిచిన పలుకక మూల నొదిగి కూర్చుండినను, వానికి బుద్ధి చెప్పవలెనని తలచువారే గాని, ఆ బుద్ధిని గ్రహించుటకు వలయు నెమ్మది వాని మనస్సున కేర్పడినదా యని విచారించువారు అరుదు. ఆ విచారమునకు 1969లో లండను నగరపు హాక్నీ ప్రాంతమున కార్యరూప మిచ్చినది మార్జరీ బాక్సాల్ అను విద్యామనశ్శాస్త్రవేత్త. అల్లరివారని, చదువు రానివారని ప్రత్యేక పాఠశాలలకు సిఫారసు చేయబడుచున్న చిన్నపిల్లలలో పెక్కుమందికి కొరవడినది తెలివి గాదనియు, శైశవమున పెద్దల సన్నిధిని అలవడవలసిన నమ్మకమనియు ఆమె గుర్తించి, బడిలోనే ‘నర్చర్ గ్రూపు’లను, అనగా ఆదరముతో పెంచు చిన్న బృందములను, నెలకొల్పెను.

అట్టి గ్రూపు గదిలో కొన్ని బల్లలు, ఒక సోఫా, ఒక మూల వంటసామగ్రి. పదిమందికి అటునిటుగా పిల్లలు. ఒక ఉపాధ్యాయురాలు, ఒక సహాయకురాలు: సంభార మింతే. లండనులోనే అట్టి గదిలో సహాయకురాలనైన నాకు, అక్కడి విద్యల కెల్ల మూలము ఉదయపు అల్పాహారమే యని తోచును. కొత్తగా వచ్చిన పిల్లవాడు రొట్టెముక్కలు రెండు చేజిక్కించుకొని, ఒకటి ఒడిలో దాచుకొనును. మేము దానిని లాగికొనము, “నీ వంతు నీకు తప్పక వచ్చును, అంతవరకు ఆగుట కష్టముగానే యుండును సుమా” అని, వాని ఆరాటమును వాని తరఫున మేమే పలుకుదుము. అంతలో ఉపాధ్యాయురాలు “వెన్న కాస్త ఇటు అందింతురా?” అని నన్నడుగును, “ఇదిగో, తీసికొనుడు” అని నే నందింతును. ఇద్దరు పెద్దలు ఒకరి నొకరు అడిగి, ఆగి, ఇచ్చిపుచ్చుకొను తీరును పిల్లలు కన్నులార చూచుటకై మేము బిగ్గరగా సాగించు నిత్యానుష్ఠాన మిది. కొన్ని వారములకు ఆ పిల్లవాడే పళ్లెమును ముందు పక్కవానివైపు జరిపిననాడు, వేయి నీతిబోధలు చేయలేని పని జరిగినదని భావింతును.

అయితే ఈ గది వెలి కారాదు. ప్రతి యుదయము పిల్లలు తమ తరగతిలోనే హాజరు చెప్పి ఇటకు వత్తురు. ఆటలకును, కొన్ని పాఠములకును అచటికే పోదురు. రెండు మొదలు నాలుగు టర్ములలో సాధారణముగా పూర్తిగా తిరిగి చేరుదురు. 1984లో వెలువడిన బాక్సాల్ ప్రొఫైల్ అను ప్రశ్నావళి ననుసరించి, బిడ్డయందు ఏ గుణము ఎంతవరకు ఎదిగినదో, ఎచట చిక్కుపడినదో ఉపాధ్యాయులు పరిశీలించి వ్రాసికొందురు. ఇద్దరు పెద్దలను పదిమంది పిల్లలకే కేటాయించుట దుబారా యనువారు కలరు. చదువునకు ముందు మనస్సు కుదుటపడవలెనని ఒప్పుకొనువారి కది దుబారాగా కనబడదు. కాని మా శ్రమ ఫలించుట మా చేతిలో మాత్రమే లేదు. తిరిగి వచ్చిన బిడ్డ పాత అల్లరిని తవ్వక, ఆదరముతో పేరు పెట్టి పిలిచి తన వరుసలో కూర్చుండబెట్టుకొను తరగతి ఉపాధ్యాయురాలు లేనిచో, మేము పెంచిన నమ్మకమునకు నిలువ చోటుండదు. కావున బడి యంతయు ఈ పనిని తనదిగా నెంచవలెను.