గరికకు తోడు ఉండేవి

కలుపు తీసే రోజున చూపంతా చేని మీదే. గెనిమ వైపు ఎవరం చూడం. కర్నూలు, కడప మెట్టల్లో వయ్యారిభామ అనే కలుపు మొక్క పాతుకుపోయింది మాత్రం ఆ గెనిమల మీదా, బాటల పక్కా, బంజర్లలోనూ. అది గరిక ఉండాల్సిన చోటు. ఒక్కో మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. పశువు దాన్ని ముట్టదు. దాని నుంచి మట్టిలోకి దిగే పార్థెనిన్ అనే విషం పక్కన మొలిచే గడ్డిని ఎదగనివ్వదు. ఆ విషాన్ని విరిచేవి నేలలోని సూక్ష్మజీవులు. తడి ఉంటేనే వాటికి చురుకు. వాన ముఖం చాటేసే సీమలో గరిక ఓడడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

వయ్యారిభామను అదుపు చేయడానికి 1983లో బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ మెక్సికో నుంచి ఒక పెంకుపురుగును తెప్పించి, పరీక్షించి, మరుసటేడు పొలాల్లోకి వదిలింది. పేరు జైగోగ్రామా బైకలరేటా. పిల్లలూ పెద్దవీ వయ్యారిభామ ఆకులే మేస్తాయి. వానలు వెనకబట్టాక పెద్ద పురుగు మట్టిలోకి దూరి నెలల తరబడి కదలకుండా ఉంటుంది. మళ్లీ వానలు పడ్డాకే పైకొస్తుంది. మెట్టరైతు లాగే దానికీ తొలకరే ఆధారం. అది పడుకునే గెనిమను తవ్వి, కలుపుమందు కొడితే దాని పడకా తిండీ రెండూ పోతాయి. అందుకే ఆ మందు నాకు గిట్టదు.

1990ల మొదట్లో కర్ణాటకలో ఈ పురుగు పొద్దుతిరుగుడు మీద కనబడి రైతులు హడలిపోయారు. ఆ భయం న్యాయమైనదే. ఆ పంట మన దగ్గరా ఉంది. ఆకుల మీద వయ్యారిభామ పుప్పొడి పడ్డందువల్లే కొరికిందని శాస్త్రవేత్తలు తేల్చారు.

అయితే పురుగు ఒక్కటే గరికను గెలిపించలేదు. వాన ఆలస్యమైతే అదీ ఆలస్యం. ఈలోగా మొక్క పూతకొస్తుంది. తిన్నచోట మిగిలే ఖాళీలోకి గరిక పాకాలంటే, గరిక వేరు దగ్గర్లో బతికి ఉండాలి. గడ్డి అంటే మనకు చులకన గానీ, 1988లో కర్నూలు వైపు రోళ్లపాడును అభయారణ్యం చేసింది ఆ గడ్డిలో తిరిగే బట్టమేకపిట్ట కోసమే.

నేను గరిక దుబ్బుల చుట్టూ ఉన్న వయ్యారిభామను మాత్రం పూతకు ముందే, చేతులకు తొడుగులేసుకుని వేళ్లతో సహా పీకేస్తాను. ఒంటికి తగిలితే దురద, దద్దుర్లు. మిగతాది పురుగుకు వదిలేస్తాను. ఖాళీ నేల మీద తంటెం గింజలు చల్లుతాను. వానకు అది గుబురుగా లేచి వయ్యారిభామ మొలకకు నీడ కమ్మేస్తుంది.