వేళ్ళు కాయలు కాచేలోపు

"ఇంకా ఎన్నాళ్ళండీ ఈ సరళీలు?"

వీణ నేర్పే ప్రతివారికీ ఈ ప్రశ్న పరిచయమే. అడిగింది పదేళ్ళ పిల్లయినా, రిటైరయ్యాక చిన్ననాటి కోరిక తీర్చుకోడానికి వచ్చిన పెద్దాయనైనా, గొంతులో విసుగు ఒకలాగే ఉంటుంది. పక్క వీధిలో గిటారు నేర్చుకునే కుర్రాడు నెలా రెండు నెలలు తిరిగేసరికి మూడు నాలుగు కార్డులతో సినిమా పాటకు తోడు వాయిస్తుంటాడు. వీణ పట్టినవాళ్ళు అప్పటికింకా సరళీల్లో సరిగమపదనిస ఎక్కి దిగుతూనే ఉంటారు. ఆ కుర్రాడికీ కష్టం తప్పదు. చూపుడువేలిని అడ్డంగా వాల్చి ఆరు తీగల్నీ ఒకేసారి నొక్కాల్సిన ఎఫ్ కార్డు దగ్గరికొచ్చి గిటారు మూలన పెట్టేసినవాళ్ళు ఎందరో ఉన్నారు. అయితే అక్కడికి చేరేసరికి అతని చేతిలో రెండు పాటలైనా ఉంటాయి. వీణ విద్యార్థికి కష్టం మొదటిరోజే ఎదురవుతుంది, పాట ఎక్కడో దూరాన ఉంటుంది.

"ఓపిక పట్టమ్మా, అదే వస్తుంది" అనడం మనకు అలవాటు. ఆ మాట చాలదని నా గట్టి నమ్మకం. మొదటి ఏడాదిలో వీణ విద్యార్థిని వేధించే ప్రతి ఇబ్బందికీ శరీరంలోనో, తీగలోనో, మెట్ల అమరికలోనో ఒక కారణం ఉంటుంది. మన ప్రాథమిక పాఠాల వరుస చూస్తే, ఒక్కొక్క కారణానికీ అందులో ఒక్కొక్క జవాబు కనిపిస్తుంది. అది నేర్చుకునేవాళ్ళకు విడమరిచి చెబితే సగం విసుగు అక్కడే పోతుంది. చెప్పకుండా పాఠం మాత్రం అప్పజెప్పించుకుంటూ పోతే, మంచి చెవి ఉన్న పిల్లలు కూడా తమకు సంగీతం అబ్బదనుకుని లేచిపోతారు. అలా లేచిపోయినవాళ్ళను తలుచుకుంటే బాధేస్తుంది.

ముందు వేళ్ళ సంగతి. వీణకు మెట్ల మీదుగా సాగే తీగలు నాలుగు, పక్కన తాళం తీగలు మూడు. ఎక్కువ పని పడేది మొదటి తీగ సారణికి. అది ఉక్కు తీగ. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు దానిమీద నొక్కుతూ, జారుతూ తిరగాలి. మొదట్లో వేలికొసలు కోసుకుపోతాయి, నల్లటి గాడి పడుతుంది. రాపిడి మళ్ళీ మళ్ళీ తగులుతుంటే చర్మం తన పై పొరను దళసరి చేసుకుంటుంది. కాయ కాయడమంటే ఇదే. దానికి కొన్ని వారాలు పడుతుంది, తొందరపెట్టి లాభం లేదు. ఆదివారం పూట పట్టుదలగా రెండు గంటలు వాయిస్తే కాయ రాదు సరికదా బొబ్బ లేస్తుంది. బొబ్బ చితికిందంటే వారం రోజులు వీణ ముట్టుకోలేరు, మళ్ళీ కూర్చునేసరికి చర్మం మొదటికే వచ్చి ఉంటుంది. అందుకే పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట. స్నానం చేసిన వెంటనే, అంట్లు తోమిన వెంటనే కూర్చోకండి, నీటికి నానిన చర్మం తొందరగా తెగుతుంది. వైణికులు పక్కన చిన్న గిన్నెలో కొబ్బరినూనె పెట్టుకునేది ఊరికే కాదు. వేలికొసకు తడి తగిలేంత నూనె రాసుకుంటే చాలు, తీగమీద వేలు పట్టేయకుండా జారుతుంది. ఇక బాసింపట్టు వేసుకుని, కుండ నేలమీద, బుర్ర ఎడమ తొడమీద ఆనించుకుని కూర్చోవడంలో కాళ్ళు తిమ్మిరెక్కడం అందరికీ ఉన్నదే. పిరుదుల కింద చిన్న దిండు వేసుకుంటే నడుముకు సుఖంగా ఉంటుంది.

నొప్పినైనా ఓర్చుకుంటారు గానీ, నాదం పలకకపోతే మనసు విరిగిపోతుంది. మీటగానే మోగాల్సిన తీగ జుయ్యిమని అదురుతుంది, లేదంటే మొద్దుగా ఒక్క చప్పుడు చేసి ఆగిపోతుంది. వేలు మెట్టుకు మరీ వెనక, బిరడల వైపు ఉండిపోతే తీగ మెట్టును గట్టిగా అంటిపెట్టుకోదు, దానిమీద చిటపటలాడుతుంది. మెట్టు దాటి ముందుకొస్తే వేలే తీగను మూగబోయేలా చేస్తుంది. మెట్టును ఆనుకుని వెనకపక్కన వేలు నిలవాలి. ఈ సంగతి తెలియని విద్యార్థి ఏం చేస్తాడంటే, బలం పెంచుతాడు. వీణ స్వభావం గిటారుకు భిన్నమయ్యేది సరిగ్గా ఇక్కడే. గిటారులో తీగ కింద చెక్క దగ్గరగా ఉంటుంది, వేలు దాన్ని తాకి ఆగిపోతుంది. వీణ మెట్లు మైనపు కట్టమీద ఎత్తుగా నిలబడి ఉంటాయి, వేలి కింద అంతా ఖాళీ. ఎంత అదిమితే తీగ అంత బిగుస్తుంది, బిగిసినకొద్దీ స్వరం పైకి పోతుంది. భయంతో గట్టిగా నొక్కే పిల్ల వాయించే గాంధారం అందుకే అస్తమానం కాస్త ఎక్కువగా పలుకుతుంది. ఆ పిల్లకు చెవి లేదని పెద్దలు తేల్చేస్తారు. తప్పు చెవిది కాదు, అదుముడుది.

దీనికి నేను చేయించే పని ఒకటుంది. ఏదో ఒక మెట్టుమీద వేలుంచి తీగను మీటుతూ, వేలి బలాన్ని మెల్లమెల్లగా వదలమంటాను. ఎక్కడో ఒకచోట తీగ అదరడం మొదలవుతుంది. అక్కడి నుంచి వెంట్రుకవాసి బలం పెంచితే నాదం తేటపడుతుంది. అంత బలం చాలు. చాలామంది పిల్లలు ఆ క్షణంలో "ఇంతేనా!" అంటారు. అప్పటిదాకా వాళ్ళు దానికి మూడు నాలుగింతలు కష్టపడుతూ ఉంటారు, చేయి పీకడానికి అదే కారణం. ఇంకో లాభం కూడా ఉంది. తీగను మెట్టుమీద పక్కకు లాగి పై స్వరాన్ని పలికించడమే వీణ గమకానికి ప్రాణం. తోడి రాగంలో గాంధారం ఊగేది అలాగే. లాగడానికి ముందు లాగకుండా ఉంచడం చేతికి తెలియాలి. సరళీలను గమకం లేకుండా, స్వరాన్ని దాని మెట్టుమీదే నిలిపి వాయించమనడంలోని మర్మం ఇది.

మరి ఆ సరళీలు మాయామాళవగౌళలోనే ఎందుకు? ఈ పాఠాల వరుసను మనకు అమర్చి పెట్టింది పురందరదాసు (1484–1564) అని సంప్రదాయం చెబుతుంది. వీణ మీద ఆ ఎంపిక అందం కంటికి కూడా కనిపిస్తుంది. సారణిని ఏ మెట్టూ నొక్కకుండా మీటితే షడ్జం. రిషభం 1వ మెట్టు, గాంధారం 4, మధ్యమం 5. పంచమం 7, ధైవతం 8, నిషాదం 11, తారషడ్జం 12. ఇప్పుడు ఈ అంకెల్ని రెండు సగాలుగా చూడండి. పక్క మెట్టు, తర్వాత మూడు మెట్ల దూకుడు, మళ్ళీ పక్క మెట్టు. కింది సగంలో చేతికి ఏ కదలిక వస్తే పై సగంలోనూ అదే కదలిక. ఎనిమిది స్వరాలు నేర్చుకుంటున్నామని విద్యార్థి బెంగపడతాడు, నిజానికి చేయి నేర్చుకుంటున్నది నాలుగు స్వరాల నడక ఒక్కటే. శంకరాభరణంలోనూ రెండు సగాలూ సరిసమానమే గానీ, ఒక్క మెట్టు దూరం, మూడు మెట్ల దూరం ఇంత ఎడంగా పక్కపక్కనే నిలిచి చెవికీ చేతికీ తేడా పట్టిచ్చే గుణం మాయామాళవగౌళది.

ఈ నడకలో ఒక చిక్కుంది, అది ముందే చెప్పాలి. రెండు సగాల కొలత ఒక్కటి కాదు. తీగ పొట్టి అవుతున్నకొద్దీ మెట్లు దగ్గరవుతాయి. 12వ మెట్టు దగ్గర తీగ సగమై ఉంటుంది, 24వ మెట్టు దగ్గరికి నాలుగో వంతే మిగులుతుంది, మెట్ల మధ్య ఎడం కూడా ఆ లెక్కనే తగ్గుతుంది. షడ్జం నుంచి గాంధారం చేరడానికి చేయి తీగ పొడవులో దాదాపు ఐదో వంతు దూరం పోవాలి. పంచమం నుంచి నిషాదానికి అంత దూరం లేదు. కింది సగానికి అలవాటుపడిన చేయి పై సగంలో గమ్యం దాటిపోతుంది. పిల్లలు నిషాదం దగ్గర తడబడేది ఇందుకే. కళ్ళు మూసుకుని రి-గ, ద-ని మాత్రం మార్చి మార్చి వాయిస్తే ఆ దూరాలు చేతికి వాటంతటవే ఎక్కుతాయి.

సరళీలను మూడు కాలాల్లో వాయించాలన్నది అందరికీ తెలిసిందే, కానీ దాన్ని వేగం పెంచే పోటీగా అర్థం చేసుకుంటాం. ఆదితాళంలో ఎనిమిది అక్షరాలు. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. తాళం కదలదు, దాని లోపల స్వరాలు చిక్కబడతాయి. కొత్తవాళ్ళు మూడో కాలం మీద మోజుపడి మొదటి కాలాన్ని మొక్కుబడిగా దాటేస్తారు. వీణ మీద మొదటి కాలమే కష్టం. మీటిన నాదం అక్షరం పొడవునా నిలబడాలి, అది సన్నబడుతుండగా వేలు ఎత్తకుండా పక్క మెట్టుకు చేర్చాలి. మూడో కాలంలో దాక్కునే తప్పులన్నీ ఇక్కడ బయటపడతాయి. దీనికి తోడు కుడిచేతి చిటికెనవేలు తాళం తీగల్ని మీటుతుండాలి. చూపుడు, మధ్య వేళ్ళు స్వరాల పనిలో ఉండగా చిటికెనవేలు వేరే లెక్క నడపడం మొదట్లో అసాధ్యం అనిపిస్తుంది. స్వరాలు ఆపేసి తాళం తీగలు ఒక్కటే కొన్నాళ్ళు మీటి, తర్వాత ఒక్క షడ్జంతో కలిపి, ఆపైన సరళీతో కలపండి. ఒకేసారి అన్నీ కలపమనడం అన్యాయం.

అసలు తప్పు వాయిద్యానిదే అయిన సందర్భాలు కూడా తక్కువేం కాదు. మెట్లు నిలిచేది మైనం మీద. ఎండాకాలం కిటికీ పక్కన పెట్టినా, కారులో వదిలేసినా మైనం మెత్తబడి మెట్టు జరుగుతుంది. విద్యార్థి సరిగ్గానే నొక్కుతాడు, స్వరం మాత్రం తేడాగా పలుకుతుంది. అన్ని రాగాలకూ పనికొచ్చేలా 24 మెట్లనూ కదలకుండా అమర్చే పద్ధతి తంజావూరు నాయకరాజు, తెలుగు కవి రఘునాథుడి కాలంలో, 17వ శతాబ్దంలో, స్థిరపడిందంటారు. ఆ అమరికను ఇప్పటికీ చేతితో, చెవితో చేయాల్సిందే. దీన్నే మేళం కట్టడం అంటారు. బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లిలో ఒకే పనసమానును తొలిచి వీణ తీర్చే పనితనం ఎంత గొప్పదో, ఆ వీణకు మేళం కట్టే చెవి అంత గొప్పది. అటక మీద నుంచి దించిన అమ్మమ్మగారి వీణతో చదువు మొదలుపెట్టేవాళ్ళు ముందు మేళం కట్టించుకోండి, తీగలు మార్పించుకోండి. తప్పు మెట్టుతో ఏడాది కుస్తీపడిన చెవిని మళ్ళీ దారికి తేవడం చాలా కష్టం.

నా అనుభవంలో విసుగుకు అన్నిటికన్నా మంచి మందు నోరు. వాయించబోయే వరుసను ముందు గొంతుతో పాడాలి. "నాకు గొంతు లేదండీ, అందుకే వీణకు వచ్చాను" అనేవాళ్ళు ఉంటారు. కచేరీ గొంతు అక్కర్లేదు, శ్రుతిలో కూనిరాగం తీయగలిగితే చాలు. పాడినప్పుడు రాబోయే స్వరం ఎక్కడుందో చెవికి ముందే తెలిసిపోతుంది, చేయి దాన్ని వెతుక్కుంటూ వెళుతుంది. పాడకుండా వాయించే చేయి మెట్ల అంకెలు గుర్తుపెట్టుకుంటుంది, ఒక్క అంకె తప్పితే దారి తప్పిపోతుంది. మన వీణ గాత్రాన్ని అనుసరించే వాద్యం. ఈమని శంకరశాస్త్రి (1922–1987) రికార్డులు గానీ, ఆయన శిష్యుడు చిట్టిబాబు (1936–1996) రికార్డులు గానీ వింటే ఒక్క మీటు మీద ఎంత పాట నడుస్తుందో తెలుస్తుంది. కొత్తవాళ్ళకు అవి వింటే దిగులు పుట్టవచ్చు. కాబట్టి ఒక చిన్న పని పెట్టుకుని వినమంటాను: ఒక సంగతిలో కుడిచేయి ఎన్నిసార్లు మీటిందో మాత్రం గమనించండి. రెండోసారి వినేటప్పుడు దిగులు పోయి కుతూహలం మిగులుతుంది.

సాధనలో ఇంకొక్క జాగ్రత్త. తప్పు వచ్చిన ప్రతిసారీ సరళీని మొదటి నుంచి ఎత్తుకోవడం చాలామందికి అలవాటు. దానివల్ల వచ్చిన భాగం వంద సార్లు వస్తుంది, రాని భాగం అలాగే ఉంటుంది. తప్పు పడిన చోట రెండు స్వరాలు వెనక్కి, రెండు స్వరాలు ముందుకు, ఆ ముక్కనే తిప్పండి. కోపం వచ్చిందంటే ఆ పూటకు మూసేయండి. చేతికి కొత్త కదలిక పట్టుబడటంలో నిద్రకు కూడా భాగముంది. నిన్న రాత్రి మొండికేసిన జంటస్వరం ఈ పొద్దున దానంతటదే పలకడం వీణ ముట్టుకున్న ప్రతివారూ ఎరుగుదురు.

ఇక మొదటి ప్రశ్నకు, ఎన్నాళ్ళు అనేదానికి, నా జవాబు కొందరు గురువులకు నచ్చకపోవచ్చు. సరళీలు, జంటలు, సప్తతాళ అలంకారాలు అన్నీ మూడు కాలాల్లో పూర్తయ్యాకే గీతం అనే నియమాన్ని నేను పాటించను. సరళీలు నిలబడి, జంటలు నాలుగైదు వచ్చాయంటే "శ్రీగణనాథ" అనే పిళ్ళారి గీతం ఇచ్చేస్తాను. పిళ్ళారి గీతాలు మలహరి రాగంలో ఉంటాయి, మలహరి మాయామాళవగౌళకు పుట్టిన బిడ్డే. అంటే కొత్త స్వరం ఒక్కటీ లేదు, ఇన్నాళ్ళూ వేళ్ళు పలికించిన స్వరాలే. నిషాదం అసలు లేదు. గాంధారం దిగేటప్పుడు మాత్రమే వస్తుంది, కాబట్టి ఎక్కేటప్పుడు రిషభం నుంచి మధ్యమానికి, నిషాదం లేనందువల్ల ధైవతానికీ తారషడ్జానికీ మధ్య, రెండు కొత్త దూకుళ్ళు నేర్చుకుంటే సరిపోతుంది. ఇన్నాళ్ళ సరళీలు ఎందుకు చేయించారో విద్యార్థికి మాటల్లో చెప్పనక్కర్లేకుండా ఆ పాటలోనే తెలిసిపోతుంది. అలంకారాలు మానేది లేదు. పొద్దున అలంకారం, సాయంత్రం గీతం. సాయంత్రం వాయించేటప్పుడు ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు పక్కన కూర్చుని, తెలిసినంతలో గొంతు కలపండి.