గుడి పుస్తకంలో చెరువు ఏది?

శంషాబాద్ నుంచి నర్కుడ దారి పట్టుకుంటే అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి వస్తుంది. తెలుగు సినిమాలు చూసేవాళ్లలో అక్కడి ఏడంతస్తుల గోపురాన్ని తెర మీద చూడనివాళ్లు తక్కువ. ఇక్కడ ఒక్క షాట్ తీసినా బొమ్మ ఆడుతుందని పరిశ్రమలో నమ్మకం. గుడి వయసు అడిగితే మాత్రం అందరిదీ ఒకటే మాట: 13వ శతాబ్దం.

కావచ్చు. కానీ ఆ వయసు దేనిది? గర్భగుడిదా, గోపురానిదా, కోనేరుదా? గుడి అనేది ఒక్కసారి కట్టి చేతులు దులుపుకునే పని కాదు. ఒక తరం ముఖమండపం వేస్తే ఇంకో తరం ప్రాకారం కడుతుంది, మరొకరు పాత రాతికి సున్నం కొడతారు. కాకతీయుల నాటి గుడుల ముందు ఇంత ఎత్తు గోపురాలు లేపే ఆనవాయితీ లేదు. అంతస్తుల మీద అంతస్తులుగా లేచి, గచ్చు బొమ్మలు ఎక్కించుకున్న గోపురాన్ని చూస్తే నా కంటికి చాలా తర్వాతి పనిలాగే ఉంటుంది. అయితే కంటికి అనిపించింది చరిత్ర కాదు. దాన్ని రుజువు దాకా తీసుకెళ్లే విద్య వేరే ఉంది. మన ప్రాంతంలో దానికి నూరేళ్లు దాటాయి.

ఆ విద్యలో మొదటి పని కొలత. కట్టడం చుట్టూ ఒకే మట్టంలో దారం లాగి, అక్కడి నుంచి పైకీ కిందికీ ప్రతి అంచునూ కొలుస్తారు. గదికి నాలుగు గోడలు కొలిస్తే సరిపోదు, మూల నుంచి మూలకు కర్ణాలు కూడా కొలవాలి. చతురస్రం అనుకున్న గది ఒక పక్కకు ఒరిగి ఉందని అప్పుడే బయటపడుతుంది. ఆ వంకరే ఒక్కోసారి అసలు కథ చెబుతుంది: పాత పునాది మీద కొత్త గోడ లేపారనో, ఉన్న గుట్టను తప్పించుకోవడానికి మండపాన్ని జరిపారనో. గర్భగుడి కింది అధిష్ఠానంలో రాతి వరుసల ఒంపులు ఏ క్రమంలో పేర్చారో గీస్తే అది ఏ కాలపు పనివాళ్ల చేతిదో చాలావరకు తేలుతుంది. గోపురానికైతే ఇటుక పొడవు, వెడల్పు, మందం చూడాలి, సున్నంలో ఏం కలిపారో చూడాలి.

రెండోది శాసనం నకలు తీయడం. ఇప్పుడు ఫోన్ కెమెరా ఉందిగా అంటారు. అరిగిన రాతి మీద కెమెరా చూడలేని అక్షరాన్ని తడి కాగితం పట్టుకుంటుంది. ముందు రాతిని నీళ్లు పోసి బ్రష్షుతో కడుగుతారు. నాచు, నూనె జిడ్డు, తరాల కుంకుమ అక్షరపు గాడిలోంచి పోవాలి. తడిపిన కాగితాన్ని రాతికి అంటించి, గట్టి కుచ్చు బ్రష్షుతో ఓపిగ్గా కొట్టుకుంటూ పోతారు. కాగితం చిరగకూడదు, ఏ అక్షరాన్నీ వదలకూడదు. ఎండలో ఉన్న రాయి అయితే చెయ్యి ఇంకా చురుగ్గా ఆడాలి, లేకపోతే ఒక మూల కొడుతుండగానే ఇంకో మూల ఆరి లేచిపోతుంది. కాగితం కాస్త ఆరుముఖం పట్టాక, సిరా అద్దిన మెత్తతో పైపైన తడతారు. రాతి మిట్టలు నల్లబడి, చెక్కిన అక్షరాలు తెల్లగా మిగులుతాయి. ఆ కాగితాన్ని ఊడదీసి మడిచి ఆఫీసుకు తెస్తే, రాయి ఉన్న చోటికి ఎన్నడూ వెళ్లని పండితుడు కూడా చదవగలడు.

నిజాం రాజ్యంలో ఈ పనికి ఒక శాఖ పుట్టింది 1914లో. మొదటి డైరెక్టర్ గులాం యజ్దానీ. ఆయనకు అచ్చు మీద మమకారం ఎక్కువ. తవ్వి, చూసి, ఊరుకునే మనిషి కాదు. చూసినదల్లా పుస్తకం కావాలి. హైదరాబాద్ పురావస్తు గ్రంథమాలలో మొదటి సంచిక 1915లో వచ్చింది. అప్పుడే మస్కిలో దొరికిన అశోకుడి శాసనం మీద హెచ్. కృష్ణశాస్త్రి రాసినది అది. పాలంపేట గుడుల మీద యజ్దానీ రాసిన గ్రంథం 1922లో, బీదర్ మీద 1947లో వచ్చాయి. అజంతా నాలుగు భాగాలు 1930 నుంచి 1955 దాకా సాగాయి. 2021లో పాలంపేటలోని రామప్ప గుడి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కినప్పుడు మనం మురిసిపోయాం. ఆ గుర్తింపు వెనకున్న పరిశోధనకు తొలి మెట్టు 1922 నాటి ఆ పుస్తకం. గుడి ఆవరణలోని శాసనం శక 1135 అని, అంటే క్రీస్తుశకం 1213 అని చెప్పబట్టే, ఆ కాలపు మిగతా గుడుల్ని పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఒక కొలబద్ద దొరికింది.

ఇదంతా సర్కారు సొమ్ముతో, ఎక్కువగా ఇంగ్లిషులో సాగింది. తెలుగువాళ్ల వైపు నుంచి లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ తెచ్చింది. కొమర్రాజు లక్ష్మణరావు పేరు మీద పెట్టుకున్న సంస్థ అది. రాజు అండ లేకుండా, చందాలతో, అభిమానంతో నడిచిన పని. రెండో సంపుటం 1960లో గాని రాలేదు. ఆ పాతికేళ్ల ఎడం చూస్తే తెలుగులో ఇలాంటి పుస్తకం వేయడం ఎంత కష్టమో అర్థమవుతుంది.

హైదరాబాద్ నగరానికి సంబంధించి ఇప్పటికీ అందరూ తిరగేసేది సయ్యద్ అలీ అస్ఘర్ బిల్గ్రామీ 1927లో వేసిన ‘ల్యాండ్‌మార్క్స్ ఆఫ్ ద డెక్కన్’. నగరం, చుట్టుపక్కల ఉన్న మసీదులు, సమాధులు, వాటి మీది ఫార్సీ రాతలు అందులో వరసగా ఉంటాయి. అది లేకపోతే చెరిగిపోయిన కొన్ని రాతలు మనకు అసలు మిగిలేవే కావు. అయినా ఆ పుస్తకంతో నాకో పేచీ ఉంది. ప్రతి కట్టడమూ ఒంటరిగా, గాలిలో నిలబడ్డట్టు కనిపిస్తుంది. పక్కన వాగుందా, ఏ దారి మీద ఉంది, నీళ్లెక్కడివి అనే ఊసు అరుదు. ఈ లోపం బిల్గ్రామీ ఒక్కడిదే కాదు, ఆ తరం పద్ధతే అది. కట్టడం అంటే రాయి, తేదీ, కట్టించినవాడి పేరు.

నేల వైపు చూపు తిరిగింది తర్వాతి తరంలో. జార్జ్ మిషెల్ 1992లో ఓరుగల్లు వలయాల ప్లాను మీద రాసిన వ్యాసం ఒక్క గుడిని కాక ఊరంతటినీ ఒకే బొమ్మగా చదివింది. 2001లో ఫిలిప్ వాగనర్, జాన్ హెన్రీ రైస్ ఓరుగల్లు కోటలో మిగిలిన విడి స్తంభాల్ని, రాళ్లను కొలిచి, తుగ్లక్ కాలపు జామా మసీదు ప్లానును తిరిగి కట్టి చూపించారు. రాయి ఎక్కడ పడి ఉందన్నదే అందులో సాక్ష్యం. ఎవరైనా శుభ్రం చేద్దామని ఆ స్తంభాల్ని ఓ మూలకు పేర్చి ఉంటే ఆ వ్యాసమే ఉండేది కాదు. 2014లో రిచర్డ్ ఈటన్‌తో కలిసి వాగనర్ రాసిన పుస్తకం ఇంకో అడుగు వేసి, చార్మినార్ పక్కన నాలుగు దిక్కుల నిలిచిన చార్ కమాన్లలో ఓరుగల్లు నాలుగు తోరణాల నీడ ఉందని వాదించింది. ఒప్పుకోవచ్చు, మానవచ్చు. కట్టడాన్ని ఇంకో కట్టడంతో, ఒక ఊరిని ఇంకో ఊరితో కలిపి చదవడం మాత్రం మనకు నేర్పింది.

జాగా పోతే ఏమవుతుందో నాగార్జునకొండ చెప్పింది. 1954 నుంచి 1960 దాకా తవ్వారు, తర్వాత లోయ నాగార్జునసాగర్ నీళ్ల కిందికి వెళ్లింది. కొన్ని కట్టడాల్ని ఎత్తి మరోచోట పెట్టారు. స్తూపం ఇటుకలు కదిలొచ్చాయి గాని, కృష్ణ ఒడ్డు రాలేదు. ఇక మిగిలింది కాగితమే. ఆ కాగితమూ తొందరగా రాలేదు. చారిత్రక యుగానికి సంబంధించిన నివేదిక సంపుటం అచ్చయింది 2006లో. తవ్వినవాళ్లలో ఎందరు దాన్ని చేత్తో పట్టుకుని చూశారో.

ఇప్పుడు మళ్లీ శంషాబాద్ వైపు తిరిగి, గగన్‌పహాడ్‌కు వద్దాం. పేరున్న కట్టడాల పుస్తకాల్లో దీనికి పేజీ దొరకడం కష్టం. బెంగళూరు రోడ్డు మీద బండరాళ్ల గుట్టలు, ఫ్యాక్టరీ షెడ్లు, లారీలు. ఆ పైన శంషాబాద్, పాయిగా వంశపు అమీరు షంసుల్ ఉమ్రా పేరు మోస్తున్న ఊరు. దాన్ని ఆనుకుని 2008 మార్చిలో తెరిచిన విమానాశ్రయం, సుమారు 5,500 ఎకరాలు. గగన్‌పహాడ్‌లో అప్ప చెరువు ఉంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు అది కట్ట తెగి హైవే మీదికి వచ్చింది. బండ్లు కొట్టుకుపోయాయి, మనుషుల ప్రాణాలు పోయాయి. 2024 ఆగస్టు చివర్లో చెరువులో వెలిసిన షెడ్లను ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చింది. పత్రికలకు అది వరద వార్త, ఆ తర్వాత ఆక్రమణ వార్త. వాస్తు చరిత్ర రాసేవాళ్లకు అది వార్తే కాలేదు.

అదే నా అభ్యంతరం. చెరువు కట్ట కట్టడం కాదా? మట్టి ఎక్కడ తీయాలో, రాతి కట్టు ఎటువైపు వేయాలో, తూము ఏ లోతున పెట్టాలో, మత్తడి ఏ ఎత్తున ఉంచితే పొంగిన నీళ్లు కింది చెరువుకు నెమ్మదిగా దిగుతాయో తెలిసిన పనివాళ్లు కట్టింది అది. గొలుసుకట్టులో ఒక చెరువు మత్తడి ఎత్తు మారితే కిందున్న అన్నిటి లెక్కా తప్పుతుంది. కాకతీయుల నాటి శాసనాల్లో గుడి వేయించడం, చెరువు తవ్వించడం ఒకే పుణ్యకార్యాల వరసలో వస్తాయి. సింథియా టాల్బట్ 2001 నాటి పుస్తకంలో ఆ శాసనాల్ని వందల కొద్దీ కలిపి చదివి, లోపలి తెలంగాణలో ఈ చెరువుల పని ఎంత ముఖ్యమో చూపింది. శాసనం వేయించినవాడికి లేని తేడాను మన పుస్తకాలు తెచ్చిపెట్టాయి. గుడి కళాచరిత్ర శాఖకు పోయింది, చెరువు నీటిపారుదల శాఖకు పోయింది. అమ్మపల్లి గురించి ఎవరైనా రాసినా గోపురానికి అరపేజీ, కోనేరుకు ఒక్క వాక్యం. ఆ కోనేటికి నీళ్లు ఎటునుంచి వచ్చేవో, నిండితే ఎటు పోయేవో చెప్పిన వాక్యం నా కంటపడలేదు.

అలాగని ఆధారాలు లేవా? 1908 మూసీ వరద తర్వాత లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో హైదరాబాద్ నగరాన్ని గల్లీ గల్లీ కొలిచి మ్యాపులు గీశారు. నగర పరిశోధకులకు అవి బంగారం. గగన్‌పహాడ్ అప్పట్లో నగరానికి ఎంతో దూరం కాబట్టి ఆ భాగ్యం దీనికి దక్కలేదు. దీనికున్నవి రెవెన్యూ కాగితాలు: ఊరి నక్షా, సేత్వార్, టీపన్, 1954-55 ఖాస్రా పహాణీ. వీటిని భూమి తగాదా వచ్చినప్పుడు వకీళ్లు తప్ప ఇంకెవరూ తెరవరు. కానీ చెరువు శిఖం, అంటే నీళ్లు నిలిచే నేల, ఏ సర్వే నంబరులో ఎంత దూరం సాగిందో, కుంట ఎక్కడుందో, దేవుడి మాన్యం ఏ పొలమో, పాత బండిబాట ఏ గుట్టను చుట్టి పోయేదో ఉండేది అందులోనే. యజ్దానీ తరం శాసనాన్ని కాగితం మీదికి దించింది, మిషెల్ తరం ప్లాను గీసింది. వీటి పక్కన పహాణీని పెట్టి చదివే తరం ఇంకా రావాలి. వచ్చేవాళ్లకు ఉర్దూ షికస్తా రాత చదవడం రావాలి, మత్తడి ఎత్తు కొలవడం రావాలి, ఊళ్లో పాత నీరటికాండ్ల కుటుంబాలతో కూర్చుని మాట్లాడే ఓపిక ఉండాలి. పుస్తకం తెలుగులో వస్తే మరీ మంచిది. అప్ప చెరువు కట్ట కింద ప్లాటు కొనేవాడు చదవగలిగే భాష అదే.