పాఠ్యపుస్తకపు జల్లెడ

కన్యాశుల్క నాటకమును మన బాలబాలికలలో అనేకులు మొదట తరగతిగదిలోనే ఎరుగుదురు. వారెరిగినది తరచుగా గిరీశమును, వెంకటేశమును మాత్రమే. చుట్ట, ఆంగ్లపు డాబు, గురుశిష్యుల బూటకపు చదువు! నవ్వు రావలసినదే, గురజాడవారు నవ్వించుటకే వ్రాసిరి. కాని ఆ నవ్వులు వినవచ్చు ఇంటిలోనే ఒక నూయి కలదు. చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానికి అమ్మజూపిన భర్త మూర్ఖపుపట్టును సహింపలేక వెంకమ్మ ఆ నూతిలో పడినది. పెద్దకూతురు బుచ్చమ్మ అట్టి పెండ్లివలననే వితంతువై పుట్టింట నున్నది. ఏర్చి కూర్చిన పాఠములలో ఈ తల్లికిని, ఈ కూతునకును చోటు దొరకుట అరుదు.

లేతమనస్సులు నొచ్చునని కూర్పరులు చెప్పుదురు. ఈ మాటను మేము తృణీకరింపము. పదియేండ్ల బిడ్డకు మధురవాణి వృత్తిని వివరింపుమని ఎవరును కోరరు. వయస్సు వచ్చువరకు ఆగుట ఒకటి. అసలు లేనట్లు చూపుట మరియొకటి. విడిచినచోట విడిచితిమని ఒక పంక్తియైన లేనప్పుడు, చదువరి తనకు దొరకిన ముక్కనే గ్రంథమంతయు ననుకొనును. అతని తప్పేమున్నది?

1892లో విజయనగరమున ప్రదర్శింపబడిన ఈ నాటకము 1897లో అచ్చుపడినప్పుడు కవి ఆంగ్లమున ఒక పీఠిక వ్రాసెను. విజయనగర మహారాజు ఆనందగజపతి విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో బ్రాహ్మణకుటుంబములయందు జరిగిన శుల్కవివాహములకు పట్టిక వ్రాయించెనని అందు కలదు. లెక్కకు వచ్చినవి 1,034. వధువులలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు. ఒక్క యేటి పసికందులు ముగ్గురు. సొమ్ము పుచ్చుకొంటిమని ఒప్పుకొనువారు అరుదుగదా; కావున ఈ పట్టికయు సంపూర్ణము కాదు. గిరీశము హాస్యము ఈ అంకెలమీద నిలిచినది. అంకెలు తీసివేసినయెడల మిగులునది ఉత్త హాస్యమే. (గిరీశము స్వభావమును వర్ణింపుమన్న ప్రశ్నకు మన పిల్లలు ఎంత చక్కగ జవాబు వ్రాయుదురో!)

ఇట్లు చదివిన విద్యార్థికి బాల్యవివాహము తాతలనాటి వింత ఆచారముగా తోచును. ఎవరో మహనీయులు ఉపన్యసించిరి, అది తొలగిపోయినది. 1929లో శారదా శాసనమును, 2006లో బాల్యవివాహ నిషేధచట్టమును వచ్చినమాట నిజమే. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20-24 ఏండ్ల స్త్రీలలో పదునెనిమిదేండ్లు నిండకమునుపే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29.3, తెలంగాణమున 23.5. శుల్కము పోయి కట్నము వచ్చినది. బాలికమెడలో తాళి మాత్రము పలుచోట్ల తొందరగనే పడుచున్నది. వేసవి సెలవులకు పోయిన సహాధ్యాయిని మరల బడికి రానప్పుడు, ఆమె బెంచీపై మిగిలిన బాలికకు తాను చదివిన పాఠమునకును ఆ ఖాళీచోటునకును సంబంధము తోచునా? నూతిలో పడిన వెంకమ్మను చదివియున్నచో తోచెడిదేమో.

పెద్దతరగతుల పుస్తకమున ఆ పీఠికకు తెలుగు అనువాదము చేర్చినచో రెండు మూడు పుటలు పెరుగును. ఏయే ఘట్టములు విడువబడినవో పాఠము చివర చెప్పుటకు నాలుగు పంక్తులు చాలును. ఈలోపల నాటకము పూర్తిప్రతి ఇంటనున్న తల్లిదండ్రులు దానిని బీరువాలో దాచక, పిల్లల చేతికందునట్లు ఉంచవలెనని మా కోరిక.