అవసరం ముందు, పేరు తరువాత

సగటు, బాహుళకం, మధ్యగతం. ఏడో తరగతి పిల్లల్ని అడిగితే మూడింటి సూత్రాలూ గడగడా అప్పజెప్పేస్తారు. సగటు ఉండగా తక్కిన రెండూ ఎందుకని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. ఆ ‘ఎందుకు’ అన్నదాన్ని పట్టుకుని నడిచే పాఠం ఒకటుంది. ఎన్‌సీఈఆర్‌టీ 2007లో తెచ్చిన ఏడో తరగతి గణితంలో మూడో అధ్యాయం, ‘దత్తాంశ నిర్వహణ’. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రాన్ని అనుసరించి తయారైన పుస్తకమిది. ఉదయ్‌పూర్ విద్యాభవన్‌కు చెందిన హెచ్.కె. దీవాన్ దీనికి ముఖ్య సలహాదారు. 2025లో దీని స్థానంలోకి ‘గణిత ప్రకాశ్’ వచ్చింది. అయినా ఈ అధ్యాయం అల్లిక గణితం చెప్పే ప్రతివారూ ఒకసారి దగ్గరగా చూడదగ్గది.

సగటు ఇక్కడ సూత్రంతో మొదలుకాదు, పాలతో మొదలవుతుంది. ఒక పాత్రలో 20 లీటర్లు, మరోదానిలో 60 లీటర్లు. రెండింటిలోనూ సమానంగా ఉండాలంటే ఎంతెంత పోయాలి? 40 లీటర్లని పిల్లలు నోటితోనే చెప్పేస్తారు. కూడి భాగించడం వాళ్లకు ముందే వచ్చు. దానికొక పేరుందని మాత్రమే పాఠం చెబుతుంది. సగటంటే సమానంగా పంచడమేనన్న అర్థం సూత్రం కన్నా ముందే మనసుకెక్కుతుంది.

అసలు పనితనం ఆ తరువాత వచ్చే చొక్కాల కొట్టులో ఉంది. కొట్టువాడి లెక్క ప్రకారం 90 సెంటీమీటర్ల సైజువి 8, 95వి 22, 100వి 32, 105వి 37, 110వి 6 అమ్ముడయ్యాయి. మొత్తం 105 చొక్కాలు, అయిదు సైజులు, సగటు 21. అయితే ఒక్కో సైజులో 21 తెప్పిస్తే సరిపోతుందా అని పుస్తకం అడుగుతుంది. పిల్లలు లెక్కేసి చూసుకోవచ్చు. 105 సైజు కోసం వచ్చినవాళ్లలో 16 మంది వట్టి చేతులతో వెనక్కి పోతారు, 110 సైజువి 15 చొక్కాలు కొట్టులోనే మూలుగుతాయి. భాగహారంలో తప్పేమీ లేదు. ఆ జవాబు కొట్టువాడికి అక్కరకు రాదు, అంతే. అతనికి కావలసింది ఎక్కువగా పోయే సరుకేదన్న సంగతి. ఆ అవసరాన్ని ఎదురుగా నిలబెట్టాకే ‘బాహుళకం’ అన్న మాట అడుగుపెడుతుంది. అంకెల ఎంపికలోనూ నేర్పుంది. అమ్మకాలు అన్ని సైజుల్లో ఇంచుమించు ఒకేలా ఉండి ఉంటే సగటుతోనే పని జరిగిపోయేది, ప్రశ్న పుట్టేదే కాదు.

మధ్యగతం కూడా ఇదే దారిలో వస్తుంది. ఆటల టీచరుకు 17 మంది పిల్లలున్నారు. ఒక ఎత్తును గీతగా పెట్టుకుని, పొట్టివాళ్లనూ పొడుగువాళ్లనూ రెండు సమాన జట్లు చేయాలి. ఎత్తుల మొత్తం 1930, సగటు సుమారు 113.5. దాన్ని గీతగా తీసుకుంటే ఇటు ఏడుగురు, అటు పదిమంది. కుదరలేదు. పోనీ బాహుళకం? అది 115. దానికి తక్కువ ఉన్నవాళ్లు ఏడుగురు, అక్కడా ఆపైనా ఉన్నవాళ్లు పదిమంది. అదీ కుదరలేదు. అప్పుడు అందర్నీ ఎత్తు వరుసలో నిలబెడితే నడుమ తేలేది తొమ్మిదో స్థానం. అక్కడి ఎత్తే మధ్యగతం.

ఇంత చక్కటి అల్లికలో ఇక్కడ ఒక పోగు జారింది. తొమ్మిదో స్థానంలో ఉన్న ఎత్తు కూడా 115 సెంటీమీటర్లే! బాహుళకంగా పనికిరాదన్న అంకె మధ్యగతంగా ఎలా పనికొచ్చిందని చురుకైన పిల్ల అడిగితే పంతులు తడుముకోవాల్సిందే. అయిదుగురు పిల్లలు 115 దగ్గరే గుమిగూడడం వల్ల వచ్చిన చిక్కిది.

సంభావ్యత దగ్గరికొచ్చేసరికి ఇదే వరుసలోని ఎనిమిదో తరగతి పుస్తకం అందరికీ తెలిసిన గోడుతోనే మొదలుపెడుతుంది. రోజూ రెయిన్‌కోటు మోసుకెళ్తే వాన పడదు, మరిచిపోయిన రోజే కుండపోత. అక్కణ్నుంచి నాణేలకూ పాచికలకూ వెళుతుంది. మొదలుపెట్టిన తీరు బాగుంది, నాణెం దగ్గర మాత్రం మాట తూలింది. ఎగరేయడం పెంచేకొద్దీ బొమ్మల సంఖ్యా బొరుసుల సంఖ్యా దగ్గరవుతాయని చెప్పింది. నిజానికి సగానికి దగ్గరయ్యేది నిష్పత్తి. వందసార్లలో బొమ్మ 46, బొరుసు 54 అయితే తేడా 8. వెయ్యిసార్లలో 490, 510 అయితే తేడా 20కి పెరిగింది, బొమ్మల వాటా మాత్రం 46 శాతం నుంచి 49కి చేరింది. పిల్లలు ఈ రెండూ ఒకటేననుకుంటే, వరుసగా బొరుసులు పడ్డాక ఇక బొమ్మే పడి తీరాలన్న భ్రమలో పడతారు.

ఈ రెండు లోపాలూ పూడ్చుకోదగ్గవే. ఎత్తుల లెక్క చెప్పేటప్పుడు అయిదు 115లలో నాలుగింటిని 114, 116, 117, 117గా మార్చండి. సగటు దగ్గర మళ్లీ ఏడుగురు, పదిమందే వస్తారు. బాహుళకం 117కి జరుగుతుంది. మధ్యగతం 115 దగ్గరే నిలిచి, ఇటు ఎనిమిది మందినీ అటు ఎనిమిది మందినీ తూచినట్టు విడదీస్తుంది. నాణెం ఎగరేయించేటప్పుడు పట్టికలో నిష్పత్తికి ఒక గడి అదనంగా గీయించండి. ఆపైన ఏ పుస్తకం చేతిలో ఉన్నా సరే, బాహుళకం పాఠం నిర్వచనంతో మాత్రం మొదలుపెట్టకండి. ముందు చొక్కాల కొట్టు తెరవండి.